బ్లాక్ ఫారెస్ట్‌లో కారు లేకుండా నడవాలంటే ముందు తిరుగు బస్సు చూస్కోండి

మొన్న లీవుకి తిరుపతి వచ్చినప్పుడు బైరాగిపట్టెడలో మా ఇంటికి ముగ్గురు పిల్లోళ్ళు వచ్చినారు, అక్టోబర్ సెమిస్టర్‌కి జర్మనీ పోతున్నారు, సీటు ఫ్రైబుర్గ్‌లో, నేనుండేదీ అదే ఊరని మా అమ్మ పిలిపించింది. రూములు, బ్యాంకు అకౌంటు, బియ్యం యాడ దొరుకుతాయి, అన్నీ అయినాక ఒకమ్మాయి అడిగింది, "అక్కా, ఆ ఊరి చుట్టూ బ్లాక్ ఫారెస్ట్ అడవులే అంట కదా, కారు లేకుండా పోలేమా?" అని. నాకెంత సంతోషమైందో, పదకొండేళ్ళలో పోకముందే ఈ మాట అడిగినోళ్ళు ఎవరూ లేరు. వాళ్ళకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా, ఆ వైపు పోయే మిగతా పిల్లలకి కూడా పనికొస్తుందని.

పోవచ్చు, బస్సులో ఇంకా బాగా పోవచ్చు. ఎందుకంటే అలిపిరి మెట్లెక్కి శ్రీవారి మెట్టు వైపు దిగాలంటే బండి అలిపిరిలో పెట్టినోడికి కష్టం, వాడు మళ్ళీ బండి కోసం చుట్టూ తిరిగి రావాల, బస్సులో వచ్చినోళ్ళు మాత్రం హాయిగా ఆ పక్క దిగి ఇంకో బస్సెక్కి వెళ్ళిపోతారు. లోయల్లో నడకంటే సరిగ్గా ఇదే. వుటాఖ్ అని ఒక లోయుంది, ఏటి వెంబడే దారి, షాటెన్‌మ్యూలె దగ్గర దిగి వుటాఖ్‌మ్యూలె దాకా నడిస్తే దాదాపు 13 కిలోమీటర్లు, ఎండాకాలంలో ఆ లోయ రెండు చివర్లనీ కలుపుతూ వాండర్‌బస్ అని నడకోళ్ళ కోసమే బస్సు తిరుగుతుంది. వాన పడ్డాక మాత్రం పోవద్దు, బురదకి కాలు జారుతుంది, కొండచరియలు పడి కొన్ని చోట్ల దారి మూసేస్తారు కూడా, ముందే చూస్కోవాల.

మొదటిసారికి వుటాఖ్ వద్దు, రవెన్నా లోయ చాలు. ఫ్రైబుర్గ్ నుంచి రైలెక్కి హింటర్‌త్సార్టెన్‌లో దిగి కిందికి నడిస్తే చిన్న చిన్న జలపాతాలు, చెక్క వంతెనలు, చివర్లో తల మీద పెద్ద రైలు వంతెన, మళ్ళీ పైకి నడిచి అదే స్టేషన్‌కి వచ్చేయొచ్చు. ఇంకా సులువు కావాలంటే షౌఇన్స్‌లాండ్, 1284 మీటర్ల కొండ, రెండో నంబర్ ట్రామ్‌లో గ్యుంటర్స్‌టాల్ దాకా పోయి 21 నంబర్ బస్సెక్కితే రోప్‌వే కాడ దింపుతుంది. పైకి రోప్‌వేలో పోయి కిందికి నడవండి, మోకాళ్ళు బాగున్న వయసు కదా మీది.

టికెట్ సంగతి. డాయిచ్‌లాండ్ టికెట్ అని నెలకి ఒకటి, 2023 మేలో 49 యూరోలకి మొదలైంది, 2025లో 58, 2026 జనవరి నుంచి 63 అయింది, దేశంలో ఏ సిటీ బస్సైనా ట్రామైనా మామూలు రైలైనా ఎక్కొచ్చు, ఐసీఈ లాంటి స్పీడు రైళ్ళు మాత్రం కాదు, రోప్‌వేకి వేరే టికెట్. వద్దనుకుంటే ఆ నెల పదో తేదీ లోపు క్యాన్సిల్ కొట్టాల, లేకపోతే వచ్చే నెల డబ్బులు కూడా పోతాయి. 27 ఏళ్ళలోపు స్టూడెంట్స్‌కి ఫ్రైబుర్గ్ ఉండే రాష్ట్రంలో తక్కువ రేటుకి యూగెండ్ టికెట్ ఉంది, అడ్మిషన్ కాగితాలు చేతికి రాగానే ముందు అది తీస్కోండి.

ఇప్పుడు అసలు విషయం. తలకోనకి పోయినప్పుడు మనమేం చేస్తాం, బస్సు దిగుతానే కండక్టర్‌ని "అన్నా, మళ్ళీ లాస్ట్ బస్సెప్పుడు?" అని అడుగుతాం. జర్మనీలో కండక్టర్ ఉండడు, డ్రైవర్ ఒక్కడే. కాబట్టి ఆ ప్రశ్న ఇంట్లో ఉన్నప్పుడే టైమ్‌టేబుల్‌ని అడగాల. అది చదవడంలోనే ఉంది తిరకాసంతా. వెర్క్‌టాగ్, అంటే పనిరోజు, అని రాసుంటే శనివారం కూడా కలిసినట్టు. టైము పక్కన చిన్న అక్షరం ఉంటే కింద దానికి అర్థం వెతకండి, షూల్‌టాగ్ అని ఉంటే ఆ బస్సు బడి ఉన్న రోజుల్లోనే వస్తుంది. రూఫ్‌బుస్ అని ఉంటే ముందే, చాలా చోట్ల గంట ముందు, ఫోన్ చేసో యాప్‌లోనో చెప్పుకోవాల, ఎవరూ చెప్పకపోతే ఆ బస్సు రానే రాదు.

ఇది నాకు జర్మనీ పోయిన మొదటి ఏడే తెలిసొచ్చింది. అక్టోబర్ ఆఖరి వారం, నడక బాగా అయింది, ఒక చిన్న పల్లెలో స్టాప్ దగ్గర నాలుగు గంటల బస్సుకి నిలబడినా, నాలుగున్నరైంది, అయిదైంది, బస్సు లేదు, ఫోన్‌లో సిగ్నల్ లేదు. ఎదురింటి ముసలమ్మ బయటికొచ్చి బోర్డు మీద అక్షరం చూపించింది, బడికి సెలవులు పాపా, ఈ వారం ఆ బస్సు రాదు అని. అక్టోబర్ చివరి ఆదివారం గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు, ఆ తర్వాత అయిదు దాటితే చీకటే. సెల్‌ఫోన్ లైటు వేసుకుని రోడ్డంచున ఆరు కిలోమీటర్లు స్టేషన్‌కి నడిచినా, పక్కనించి కార్లు పోతా ఉంటే గుండె ఎంత కొట్టుకుందో ఇప్పటికీ గుర్తే. ఆ రోజు నుంచీ తిరుగు బస్సు టైము కాగితం మీద రాసుకుని, దానికి గంటన్నర ముందే ఊరు చేరేలా నడక మొదలుపెడతా.

దారి తప్పుతామని భయం వద్దు. 1864లో పుట్టిన నడకోళ్ళ సంఘం ఒకటుంది, ష్వార్ట్స్‌వాల్డ్‌ఫెరైన్, అడవంతా వాళ్ళే గుర్తులు పెట్టినారు, పసుపు డైమండ్ గుర్తు చిన్న దారులకి, నీలం డైమండ్ ఇంకొంచెం పెద్ద దారులకి, ఎర్ర డైమండ్ ఫోర్త్స్‌హైమ్ నుంచి బాజెల్ దాకా పోయే వెస్ట్‌వెగ్ అనే పొడుగాటి నడక దారికి. కూడలిలో బోర్డు మీద ఆ చోటి పేరుంటుంది, దాన్ని ఫోటో తీసి పెట్టుకోండి, ఏదన్నా అయి 112కి ఫోన్ చేస్తే మీరు యాడున్నారో ఆ పేరు చెప్పొచ్చు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేస్కోండి, లోయల్లో సిగ్నల్ ఉండదు.

శేషాచలంలో మనం చిరుతకి భయపడి గుంపులుగా నడుస్తాం కదా, బ్లాక్ ఫారెస్ట్‌లో భయపడాల్సింది పేలంత పురుగుకి. త్సెకె అంటారు, గడ్డిలోంచి కాలికెక్కి రక్తం తాగుతుంది, మా ప్రాంతంలో దానివల్ల మెదడువాపు వచ్చే ప్రమాదముంది. దానికి మూడు డోసుల టీకా ఉంది, మా దగ్గర ఇన్సూరెన్సే డబ్బు కడుతుంది, చేరిన మొదటి చలికాలంలోనే మొదలుపెట్టండి. ప్యాంటు సాక్సులోకి దోపుకుని నడవండి, ఇంటికొచ్చి చంకలు, మోకాళ్ళ వెనకాల, బొడ్డు దగ్గర వెతకండి. కరిచిన చోట కొన్ని రోజులకి ఎర్రటి వలయం పెద్దదవుతా ఉంటే డాక్టర్ దగ్గరికి పోవాల్సిందే, అది వేరే జబ్బు, దానికి టీకా లేదు, మందుంది.

ఆదివారం అంగళ్ళు మూసుంటాయి, తిండి ఇంట్లోంచే. చింతపండన్నం, పెరుగన్నం, వేయించిన చెనిక్కాయలు, నేను ఇప్పటికీ ఇదే కట్టుకుపోతా. పల్లెల్లో రాతి తొట్ల దగ్గర నీళ్ళు కారతా ఉంటాయి, కైన్ ట్రింక్‌వాసర్ అని రాసుంటే తాగొద్దు. ఎదురొచ్చేవాళ్ళకి హలో చెప్పండి, పాటలు గట్టిగా పెట్టొద్దు, కవర్లు సంచిలోనే వేసుకుని వెనక్కి తీసుకురండి.

తుంబురు తీర్థం ముక్కోటికి, ఫాల్గుణ పౌర్ణమికి, మా నాన్న నన్ను పాపవినాశనం దాకా బస్సులో తీస్కపోయి అక్కడ్నించి రాళ్ళ మీద నడిపించేవాడు. ఆయన ఫ్రైబుర్గ్ వచ్చినప్పుడు రెండు రోజులు టిటిసీ చెరువు దగ్గర లాడ్జిలో ఉంచినా, లాడ్జివాళ్ళు కోనుస్ గుర్తున్న గెస్ట్ కార్డిచ్చినారు, దాంతో బ్లాక్ ఫారెస్ట్ బస్సులు, మామూలు రైళ్ళు ఫ్రీ. మీ అమ్మానాన్న వచ్చినప్పుడు రూము బుక్ చేసేముందు ఆ కార్డిస్తారా అని అడగండి.