మైనర్ కొడుక్కి బండి ఇస్తే తల్లిదండ్రుల మీద కేసా? మా ఇంట్లో జరిగింది చెప్తాను

మీ బాబుకు పదహారేళ్లు, ఇంటర్ ఫస్టియర్, హన్మకొండలో కాలేజీకి బండి మీద పోతానంటున్నాడు; వాడు నడిపితే మా మీద కేసు పెట్టడం ఏం న్యాయం అని అడిగారు. ఒకప్పుడు నేనూ ఇదే మాట అన్నవాణ్ని. ఇప్పుడైతే బండి విషయంలో న్యాయమే అంటాను.

2022 సంక్రాంతి సెలవులు. మేముండేది వరంగల్‌లో ఒక పాత వాడ, అన్నీ ఇరుకు సందులు. మావాడు అప్పుడు తొమ్మిదో తరగతి. పొద్దున ఆరున్నరకు పాలు తెమ్మని నేనే పంపాను. స్కూటీ తాళం తలుపు పక్కన మేకుకు వేలాడుతుండేది, ఎవరికి పని పడితే వాళ్లు తీసుకునేవాళ్లు. "వానికి బండియ్యకు, నడిచిపోతడు" అని మా ఆవిడ వంటింట్లోంచి అన్నది. రెండు సందులే కదా, ఏమవుతుంది అన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు సందు మలుపులో ఒక ముసలామె ముగ్గు వేస్తోంది. పండుగ ముగ్గు కదా, వాకిలి సరిపోక రోడ్డు మీదికి వచ్చింది. మావాడు మలుపు తిరిగి, ఆమెను చూసి, బెదిరిపోయి బ్రేకు బదులు ఎక్సలేటర్ తిప్పాడు. నేను ఉరికి వెళ్లేసరికి ఆమె గోడకు ఆనుకొని కూర్చుంది. కుడి చెయ్యి మణికట్టు దగ్గర వంకర పోయింది. ముగ్గు గిన్నె బోర్లా పడి ఉంది. బండి కొక్కేనికి తగిలించిన పాల ప్యాకెట్లు పగిలి, పాలు ముగ్గు మీది నుంచి మోరీలోకి కారుతున్నాయి. మావాడు బండి లేపలేదు, ఏడవలేదు, అట్లాగే నిలబడి ఉన్నాడు. వాణ్ని కొట్టడానికి నేను చెయ్యెత్తాను. అంత నొప్పిలోనూ ఆమె, "పిలగాన్ని కొడితే ఏమొస్తది బిడ్డా. తాళం నువ్విచ్చినవా, వాడే ఎత్తుకొచ్చిండా?" అని అడిగింది. నేను తల వంచుకున్నాను.

చేతికి ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. ఖర్చంతా మేమే పెట్టుకున్నాం. ఒక్క వాడవాళ్లం, స్టేషన్ ఎందుకని ఆమె కొడుకు అనడంతో కేసు కాలేదు. కానీ ఆ మూడు రోజులు ఇంట్లో ఒకటే టెన్షన్. తెలిసిన లాయర్ దగ్గరికి పోతే ఆయన మొదట అడిగింది "ఆర్సీ ఎవరి పేరు మీద ఉంది?" అని. మా ఆవిడ పేరు మీద ఉంది. వద్దన్నది ఆమె, ఇచ్చింది నేను. కేసయితే బండి ఓనర్‌గా కోర్టులో నిలబడాల్సింది ఆమె కూడా. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

లాయర్ చెప్పింది మీకూ చెప్తాను. మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించినప్పుడు 199ఎ అనే సెక్షన్ చేర్చారు. మైనర్ బండి నడిపి ఆ చట్టం కింద నేరం చేస్తే గార్డియన్‌ను లేదా ఓనర్‌ను దోషిగా చూస్తారు. మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. నడిపిన పిల్లవాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్స్ రాదు. మనం ఇస్తేనే నడిపాడని కోర్టు ముందే అనుకుంటుంది. మనకు తెలియకుండా జరిగిందనో, తీసుకోవాల్సిన జాగ్రత్తలన్నీ తీసుకున్నామనో రుజువు చేసుకోవాల్సింది మనమే. తాళం మేకుకు వేలాడదీసి, పాలకు పంపిన నేను ఏమని రుజువు చేసుకునేవాణ్ని?

ఇన్సూరెన్స్ ఉంది కదా అని కూడా అనుకోవద్దు. లైసెన్స్ లేనివాడు నడిపితే పాలసీ షరతు తప్పారని కంపెనీ వాదిస్తుంది. చాలా కేసుల్లో కోర్టులు బాధితులకు ముందు కంపెనీ చేత కట్టించి, ఆ డబ్బు ఓనర్ దగ్గర వసూలు చేసుకొమ్మంటాయి.

అట్లాగని పిల్లలు చేసే ప్రతిదానికీ తల్లిదండ్రులను జైలుకు పంపాలంటే నేను ఒప్పుకోను. ఎండాకాలం వస్తే మా వైపు పల్లెల్లో పిల్లలు బావులకు, చెరువులకు ఈతకు పోతారు. ఎక్కడో ఒకచోట ఒక పిల్లవాడు మునిగిపోతాడు. ఆ తల్లి ఆ పొద్దు మిర్చి ఏరడానికి కూలికి పోయి ఉంటుంది. పొద్దున పోయి పొద్దుగూకినంక వచ్చే మనిషి పిల్లవాణ్ని ఎవరి దగ్గర వదిలిపెట్టాలి? కడుపుకోత పడ్డ ఆమె మీద కేసు కూడా పెట్టాలా? 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలో పిల్లల్ని నిర్లక్ష్యం చేస్తే శిక్షించే 75వ సెక్షన్ ఉంది. అక్కడా తెలిసి, కావాలని చేసిన నిర్లక్ష్యమే నేరం. కూలికి పోవడం అట్లాంటిది కాదు. బండి తాళం చేతిలో పెట్టడం మాత్రం మనం తెలిసి చేసే పని. నాకు కనబడే తేడా ఇదే.

ఇక మీ బాబు సంగతి. పదహారేళ్లకు లైసెన్స్ వస్తుందని ఎవరో చెప్పారని రాశారు. అది 50 సీసీ దాటని బండికే. ఇప్పుడు షోరూముల్లో మామూలుగా దొరికే స్కూటీలు 110, 125 సీసీవి, వాటికి 18 నిండాల్సిందే. ఎలక్ట్రిక్ వాటిలో 250 వాట్ల లోపు, గంటకు 25 కిలోమీటర్లు దాటని చిన్న బండ్లకు లైసెన్స్ అక్కర్లేదు. కొనేముందు కాగితం మీద ఆ రెండు అంకెలూ చూసుకోండి, అమ్మేవాళ్ల మాట ఒక్కటే నమ్మొద్దు. అంతకన్నా ఆర్టీసీ స్టూడెంట్ పాస్ తీసివ్వండి. రెండేళ్లే కదా. మావాడూ బస్సుల్లోనే ఇంటర్ పూర్తి చేశాడు, మొదట్లో నెల రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

ఆ ముసలామె చెయ్యి చాలావరకు నయమైంది కానీ, చలికాలం పొద్దున పూట పిడికిలి పూర్తిగా మూసుకోదు. ముగ్గు ఇప్పుడు కోడలు వేస్తోంది. మా స్కూటీ తాళం బీరువాలో ఉంటుంది, బీరువా తాళం మా ఆవిడ దగ్గర. మీ బండి ఆర్సీ ఎవరి పేరు మీద ఉందో ఈ రాత్రే ఒకసారి తీసి చూడండి.