కారు గట్టు మీదే ఉండాలి

అమ్మలూ,

సెకండ్ హ్యాండ్ కారు కొన్నారని, వచ్చే ఆదివారం మీ అత్తగారిని, పిల్లల్ని ఎక్కించుకుని నువ్వే నడుపుతూ కళింగపట్నం సముద్రానికి వెళ్తావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ముప్పై ఏళ్లు డ్రైవరుగా బతికినవాణ్ని, మనింట్లో స్టీరింగ్ పట్టిన మొదటి ఆడపిల్లవి నువ్వే అని ఈ విజయనగరంలో వీధి వీధంతా చెప్పుకున్నాను. రాత్రికి మాత్రం నిద్ర పట్టలేదు.

ముందు ఆ ఆదివారం మానెయ్. ఆదివారం దారిలో అరసవల్లి సూర్యదేవుడి గుళ్లో క్యూలోనే సగం పూట పోతుంది. శనివారం పెట్టుకో. పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నం తలుపులు వేసేలోపు శ్రీకూర్మం గుడి కూడా అయిపోతుంది. అక్కడి నక్షత్ర తాబేళ్లను చూశాక పిల్లలు ఓ పట్టాన కదలరు, ఆ టైం కూడా లెక్కేసుకో. శాలిహుండం కొండకి ఎండ తగ్గాక వెళ్లండి. పైన ఇటుక స్తూపాలు, కింద వంశధార చూడ్డానికి బాగుంటాయి కానీ నీడ తక్కువ.

ఖర్చంటావా, శ్రీకాకుళం నుంచి ఇవన్నీ తిరిగొచ్చినా 100 కిలోమీటర్లు దాటదు. లీటరుకి 15 ఇచ్చినా 7 లీటర్లు చాలు. పులిహోర, నీళ్లు ఇంటివే. స్టెప్నీలో గాలి చూసుకో.

ఇక అసలు సంగతి. కారు ఇసుకలోకి దింపొద్దు.

1986లో మా ఓనరు ఒక రోజుకి అంబాసిడర్ ఇచ్చారు, పెట్రోలు నాది. మీ మామ్మకి సముద్రంలో కాళ్లు పెట్టాలని కోరిక. ఆవిడ మోకాళ్లు అప్పటికే పాడయ్యాయి, ఇసుకలో నడవలేదు. తడి ఇసుక గట్టిగానే కనిపించింది. నీళ్ల దాకా పోనిచ్చేశాను. బండి ఆగిందో లేదో వెనక చక్రాలు కూరుకుపోయాయి. యాక్సిలేటర్ తొక్కాను. తొక్కేకొద్దీ దిగబడింది. ఆ రోజు పౌర్ణమి, పోటు మీదుంది. పెద్ద అల ఒకటొచ్చి తలుపు సందులోంచి లోపలికి నీళ్లు కొట్టింది. మీ మామ్మ సీటులో కూర్చునే కాళ్లు తడుపుకుని, "నేను పోలేనని అదే వచ్చిందిరా" అని నవ్వింది.

నాకు ఒళ్లు మండిపోయింది. "నీ వల్లే ఇదంతా, నీకెందుకీ సముద్రాలు" అని అందరి ముందూ అరిచేశాను.

చేపలవాళ్లు పరిగెత్తుకొచ్చారు. ఇంజను ఆపించారు, టైర్లలో గాలి సగం తీశారు, చక్రాల ముందు ఇసుక తవ్వి కొబ్బరి మట్టలు వేశారు, పడవ తాడు కట్టి లాగారు. డబ్బిస్తే తీసుకోలేదు. ఉప్పునీటికి కింద రేకు తుప్పు పట్టింది. రెండు నెలల జీతం పోయింది. జీతం మళ్లీ వచ్చింది. మీ మామ్మ మాత్రం ఆ తర్వాత ఎక్కడికీ తీసుకెళ్లమని అడగలేదు. నేను అడిగినా "ఇప్పుడెందుకులే నాయనా" అనేది.

అందుకే చెప్తున్నాను, కారు గట్టు మీద గట్టి నేల చూసి ఆపు. ఎవరో దింపారు కదా అని నువ్వు దింపకు. నది సముద్రంలో కలిసే వైపు పిల్లల్ని అసలు పోనివ్వకు, అక్కడ లోతు ఎప్పుడెలా ఉంటుందో చెప్పలేం. ఆటలో పడి పిల్లల్ని కారులో ఉంచి తాళం వేసి పోయే బాపతు కాదులే నువ్వు, అయినా చెప్తున్నాను. చాదస్తం అనుకో.

మీ అత్తగారికీ మోకాళ్లు నొప్పులేనట కదా. ఒక కుర్చీ డిక్కీలో పడెయ్. ఆవిణ్ని కుర్చీలో కూర్చోబెట్టి చెరోవైపు పట్టుకుంటే ఇద్దరు మగాళ్లు సులువుగా మోస్తారు. మీ ఆయన ఒకడు, రెండోవాడికి అక్కడే ఉన్న చేపలవాళ్లని అడుగు, కాదనరు. నీళ్లు కాళ్లకి తగిలేంత దూరంలో దించి, ఎంతసేపు కూర్చుంటే అంతసేపు కూర్చోనియ్యి. చీకటి పడిపోతోందని తొందర పెట్టకు.

ప్లాస్టిక్ కుర్చీ కాళ్లు ఇసుకలో దిగిపోతాయి. నా దగ్గర వెడల్పు కాళ్ల చెక్క కుర్చీ ఉంది. గురువారం బస్సులో వేసి పంపిస్తాను, కాంప్లెక్స్‌కి వచ్చి తీసుకో.

మీ పెదనాన్న