ఒబ్రదోవిచ్ అరుపుల వెనుక ఏముంది?

ప్రశ్న అడిగినవారు జెల్కో ఒబ్రదోవిచ్ టైమ్ అవుట్ (ఆట మధ్యలో కోచ్ అడిగి తీసుకునే చిన్న విరామం) వీడియోలు చూసినట్టున్నారు. ముఖం కందగడ్డలా చేసుకుని ఆటగాళ్ల మీద కేకలు వేసే ఈ సెర్బియా మనిషిని యూరప్‌లో అందరికన్నా గొప్ప బాస్కెట్‌బాల్ కోచ్ అని ఎందుకంటారు అన్నది సందేహం. ఇస్తాంబుల్‌లో ఉద్యోగానికి వెళ్లిన కొత్తలో నాదీ అదే మాట.

ఆయన అప్పుడు ఇస్తాంబుల్ క్లబ్ ఫెనర్‌బాహ్చెకు కోచ్. మా గది అతాషెహిర్‌లో, వాళ్ల స్టేడియానికి దగ్గర్లో ఉండేది కాబట్టి టికెట్ దొరికినప్పుడల్లా వెళ్లేవాడిని. ఒక రోజు జట్టు ఇరవై పాయింట్ల పైచిలుకు ఆధిక్యంలో ఉంది. ఎవరో ఒకరు అడ్డుకోవడంలో ఒక్క అడుగు ఆలస్యం చేశారు, అవతలివాళ్లు సులువుగా బుట్టలో వేశారు. వెంటనే టైమ్ అవుట్! ఇక ఉతికి ఆరేశాడు. పక్కన కూర్చున్న టర్కీ పెద్దాయన నా ముఖం చూసి నవ్వాడు. మా ఊరి హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు కూడా అరిచేవారు, కానీ ఓడిపోయాక. గెలుస్తుండగా అరిచే మనిషిని నేను అంతకు ముందు చూడలేదు. మరోసారి మ్యాచ్ చేజారుతుంటే చివరి నిమిషాల్లో పలక మీద రెండు గీతలు గీసి, నాలుగు మాటలు చెప్పి పంపించాడు. అరుపు ఊసే లేదు. ఆ తేడా పట్టుకున్నాక ఆయన గతం చదవడం మొదలుపెట్టాను.

పుట్టింది 1960లో, చాచాక్ అనే ఊళ్లో. ఆటగాడిగానూ తక్కువవాడేమీ కాదు, 1990లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ గెలిచిన యుగోస్లావియా (సెర్బియా అప్పుడు అందులో భాగం) జట్టులో ఉన్నాడు. మరుసటి ఏడాది జాతీయ జట్టు శిబిరంలో ఉండగా బెల్‌గ్రేడ్‌లోని పార్టిజాన్ క్లబ్ కోచ్ పదవి ఇస్తామంది. ఆటకు అక్కడికక్కడే స్వస్తి చెప్పి వెళ్లిపోయాడు. వయసు 31. అంతకు ముందు కోచ్‌గా ఒక్క మ్యాచ్ అనుభవం కూడా లేదు. పక్కన సలహాదారుగా పెద్దాయన అలెక్సాందర్ నికోలిచ్ ఉండటం మాత్రం అదృష్టం. యుగోస్లావియా బాస్కెట్‌బాల్‌కు పితామహుడని పేరున్నవాడు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఆ సీజనే. దేశంలో యుద్ధం. సొంత గడ్డ మీద ఆడటానికి వీల్లేదన్నారు. అందుకని పార్టిజాన్ తన యూరప్ లీగ్ ‘సొంత’ మ్యాచ్‌లను మాడ్రిడ్ పక్కనున్న ఫ్యూన్‌లబ్రాదాలో ఆడింది. సెర్బియా కుర్రాళ్ల కోసం స్పెయిన్ జనం గొంతు చించుకున్నారు! క్వార్టర్ ఫైనల్‌లో ఒక్క మ్యాచ్ మాత్రమే బెల్‌గ్రేడ్‌లో దక్కింది. అలాంటి జట్టు 1992లో యూరప్ ఛాంపియన్ అయింది. మరుసటి ఏడాది యుద్ధం కారణంగా దేశం మీద పడ్డ ఆంక్షల వల్ల టైటిల్ నిలబెట్టుకునే అవకాశమే లేకుండా పోయింది. ఇక్కడ ఒక తమాషా ఉంది: ఫైనల్‌లో తాను ఓడించిన స్పెయిన్ క్లబ్, బదలోనాలోని జొవెంతుత్‌కే కోచ్‌గా వెళ్లి 1994లో వాళ్లకు అదే కప్పు తెచ్చిపెట్టాడు. 1995లో రియల్ మాడ్రిడ్‌తో మూడోది. ఆపైన ఏథెన్స్‌లో పనథినైకోస్‌తో పదమూడేళ్లు, అయిదు కప్పులు. 2017లో ఫెనర్‌బాహ్చెతో తొమ్మిదోది, అది టర్కీ క్లబ్‌లకు మొదటిది. ఆ ఫైనల్‌కు నాకు టికెట్ దొరకలేదు. టీ దుకాణంలో నిలబడి చూశాను, 80–64.

అరుపుల వల్లే గెలిచాడని నేను అనను. అరుపులు మాత్రమే అనుకరించి చేతులు కాల్చుకున్న కోచ్‌లు చాలామంది ఉంటారు. వీలైతే 1992 ఫైనల్ చివరి పది సెకన్లు వెతికి చూడండి. జొవెంతుత్ బుట్టలో వేసి 70–68తో ముందుకెళ్లింది. పార్టిజాన్ బంతిని వెంటనే లోపలికి అందించింది. ఆ జట్టు ఆటగాడు జోర్జెవిచ్ కోర్టు పొడవునా పరుగెత్తి, ఒరిగిపోతూనే మూడు పాయింట్ల షాట్ వేశాడు. 71–70. ఇరవై పాయింట్ల ఆధిక్యంలోనూ టైమ్ అవుట్ తీసుకునే మనిషి, అప్పుడు తీసుకోలేదు.