కంప్యూటర్ ముచ్చట్లు: 14 కోర్ల పాత జియానా, 6 కోర్ల ఐ5నా?

ప్రశ్న: అన్నా నమస్తే. మాది మదనపల్లి, ఇప్పుడు బెంగళూరు కేఆర్ పురంలో ఉంటున్నా, పెళ్లి వీడియోల ఎడిటింగ్ చేస్తా. ఉన్న సిస్టమ్ ముసలిదైపోయింది, టైమ్‌లైన్ మీద లాగితే రెండు సెకన్ల తర్వాత గానీ బొమ్మ కదలదు. ఎస్పీ రోడ్డులో ఒకాయన జియాన్ ఈ5-2680 వీ4 అనే పాత సర్వర్ ప్రాసెసర్, ఎక్స్99 మదర్‌బోర్డు, 32 జీబీ రామ్ కలిపి 15 వేలు చెప్పాడు, 14 కోర్లు 28 థ్రెడ్లు అంట. పక్క షాపులో కోర్ ఐ5-12400 సెట్ అదే 32 జీబీతో 29 వేలు, చూస్తే 6 కోర్లే. సగం రేటుకి డబుల్ కంటే ఎక్కువ కోర్లు వస్తుంటే ఐ5 ఎవడు కొంటాడ్రా అని మా రూమ్మేట్ నవ్వుతున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మీ రూమ్మేట్ లెక్కల్లో మంచోడే తమ్ముడూ, కాకపోతే తప్పు లెక్క చేస్తున్నాడు. కోర్ అంటే చిప్ లోపల పనిచేసే ఒక్కో చెయ్యి, థ్రెడ్ అంటే ఆ చెయ్యి పట్టుకునే ఒక్కో పని; ఎన్ని చేతులన్నదే కాదు, ఒక్కో చెయ్యి ఎంత వేగమన్నదీ చూడాలి.

ముందు ఆ చిప్ ఇంత చవగ్గా ఎందుకొస్తుందో చెప్తా, ఎందుకంటే చాలామంది ఏదో డామేజ్ సరుకు అనుకుంటారు, అది కాదు. 2016లో ఆ 2680 వీ4 ఇంటెల్ లిస్ట్ రేటు 1,745 డాలర్లు, ఒక్క చిప్‌కే. డేటా సెంటర్లవాళ్లు కొన్నేళ్లు వాడుకుని, అదే కరెంటుకి, అదే చోట్లో కొత్తవి ఎక్కువ పని చేస్తాయి కాబట్టి పాత సర్వర్లని లాట్లు లాట్లుగా తీసేస్తారు, ఆ చిప్‌లన్నీ ఒకేసారి మార్కెట్లో పడతాయి, పట్టే బోర్డు ఉన్నోళ్లు తక్కువ, రేటు నేలకి దిగుతుంది. చిప్ మామూలుగా బాగానే ఉంటుంది. నాకు నమ్మకం లేనిది బోర్డు. ఎక్స్99 అని పేరు రాసి ఉంటుంది గానీ లోపల చిప్‌సెట్ (బోర్డు మీది భాగాలని కలిపే చిప్) చాలాసార్లు పాత డెస్క్‌టాప్ బోర్డుల నుంచి ఊడదీసి అతికించింది, కొన్నిట్లో స్లీప్ మోడ్ కూడా సరిగ్గా పనిచేయదు, బయోస్ (ఆన్ చేయగానే బోర్డుని లేపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ అడిగితే షాపాయన మన మొహం చూస్తాడు.

ఇక స్పీడు. ఆ జియాన్ బేస్, అంటే మామూలు వేగం 2.4 గిగాహెర్ట్జ్, టర్బో, అంటే గరిష్ఠ వేగం 3.3, అదీ ఒకటి రెండు కోర్లు మాత్రమే పనిలో ఉన్నప్పుడు, అన్నీ దిగితే ఇంకా తగ్గుతుంది. 12400 టర్బో 4.4. గిగాహెర్ట్జ్ ఒక్కటే కాదు, ఆ రెండు చిప్‌ల మధ్య ఆరేళ్ల డిజైన్ తేడా ఉంది, ఒక్కో క్లాక్‌లో, అంటే ఒక్కో టిక్కులో, కొత్త కోర్ చేసే పని కూడా ఎక్కువ. అందుకే ఒక్క కోర్ మీద నడిచే పనిలో ఐ5 దాదాపు రెండింతలకి దగ్గరగా ఉంటుంది, 28 థ్రెడ్లూ నిండుగా తిరిగే రెండర్‌లో (చివర్లో వీడియో ఫైల్ తయారుచేసే పనిలో) కూడా పాత 14 కోర్లూ కొత్త 6 కోర్లూ ఇంచుమించు పక్కపక్కనే నిలబడతాయి. అంటే జియాన్ గెలవాల్సిన చోట కూడా గెలుపు లేదు.

మీ ఏరియాలో ఏ దర్శినిలోనైనా (నిలబడి తినే టిఫిన్ సెంటర్) చూడండి, ఇడ్లీ పాత్ర దించితే ఒకేసారి యాభై మందికి పెట్టొచ్చు, కానీ మీరొక్కరే వెళ్లి ఒక మసాలా దోశ అడిగితే ఆ పాత్ర ఎంత పెద్దదైనా మీకేం ఉపయోగం, పెనం దగ్గరున్న మాస్టర్ చెయ్యి ఎంత వేగమో అదే మీ టిఫిన్ టైమ్. (పొద్దున్నే రాస్తున్నా, ఆకలి మీదున్నా, క్షమించండి.) ఈ సంగతి జీన్ ఆమ్డాల్ అనే ఇంజనీర్ 1967లోనే లెక్కతో చెప్పేశాడు: ఒక పనిలో సగం భాగం ఒకదాని తర్వాత ఒకటి జరగాల్సిందే అయితే, మిగతా సగానికి మీరు వంద కోర్లు పెట్టినా మొత్తం పని రెండింతల స్పీడు దాటదు.

మీ కేసులో ఇంకోటుంది, నాకైతే ఇదే ముఖ్యం. ఇప్పుడు పెళ్లిళ్లలో వాడే చాలా కెమెరాలు హెచ్265 10 బిట్ 4:2:2 అనే, వీడియోని గట్టిగా కుదించే ఫార్మాట్‌లో రికార్డు చేయగలవు. మీ ఫుటేజీ కూడా అదే అయితే, టైమ్‌లైన్ నత్తలా పాకేది ఎక్కువగా దాన్ని విప్పలేకే. 12400 లోపల ఉన్న యూహెచ్‌డీ 730 గ్రాఫిక్స్‌లో క్విక్ సింక్ అని ఒక ముక్క ఉంది, ఈ ఫార్మాట్‌ని అది నేరుగా హార్డ్‌వేర్‌లోనే విప్పుతుంది, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రోలో ఆ తేడా మౌస్ లాగగానే తెలుస్తుంది. జియాన్ ఈ5లో అసలు గ్రాఫిక్సే లేదు. కొనేటప్పుడు ఐ5-12400ఎఫ్ అంటగట్టనివ్వకండి, ఆ ఎఫ్ ఉంటే ఈ ముక్క ఉండదు, మీ పనికి వెయ్యి రెండు వేలు మిగలడం కంటే అది ఉండడమే లాభం.

అన్నట్టు ఆ 15 వేలల్లో గ్రాఫిక్స్ కార్డు ఉందా? అడగలేదు కదా. నేనూ ఒకప్పుడు ఇలాగే సంబరంగా జియాన్ సెట్ ఇంటికి తెచ్చి, అంతా బిగించి, మానిటర్ కేబుల్ పట్టుకుని బోర్డు వెనకాల పది నిమిషాలు వెతికా, హెచ్‌డీఎంఐ పోర్టే లేదు, మా ఆవిడ వచ్చి ఏం పోయిందండీ అని అడిగితే ఏం చెప్పాలో తెలీలేదు. మర్నాడు మళ్లీ ఎస్పీ రోడ్డు, మళ్లీ పార్కింగ్ కష్టాలు, ఒక సెకండ్ హ్యాండ్ కార్డు, చవక అంతా అక్కడే పోయింది.

కరెంటు గురించి భయపెట్టను. జియాన్ 60 వాట్లు ఎక్కువ లాగిందనుకోండి, రోజుకి 10 గంటలు, నెలకి 18 యూనిట్లు, యూనిట్ 7 రూపాయలేసుకున్నా 126 రూపాయలు, దానికోసం ఎవరూ బాధపడరు. విండోస్ మాత్రం చూసుకోండి. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, విండోస్ 11 సపోర్ట్ లిస్ట్‌లో ఈ జియాన్ లేదు, అడ్డదారిలో ఎక్కించొచ్చు గానీ డెలివరీ రేపనగా అప్‌డేట్ మొండికేస్తే పెళ్లివారికి మీరే సమాధానం చెప్పాలి. 29 వేలు పెట్టండి. ఇప్పుడు లేకపోతే 16 జీబీతో మొదలుపెట్టి సీజన్ డబ్బులొచ్చాక ఇంకో రామ్ స్టిక్ వేసుకోండి.

ప్రశ్న: సార్, చెన్నై వేళచ్చేరి నుంచి రాస్తున్నాను. నేను సిస్టమ్ అడ్మిన్ ఉద్యోగానికి ప్రిపేర్ అవుతున్నాను, ఇంట్లో పది పన్నెండు వర్చువల్ మెషిన్లు (ఒకే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే విడివిడి కంప్యూటర్లు) ఒకేసారి నడపాలి. రిచీ స్ట్రీట్‌లో పాత ర్యాక్ సర్వర్ (డేటా సెంటర్ అరల్లో పేర్చే పల్చటి రకం) ఒకటి చూశాను. పై తమ్ముడికి వద్దన్న జియాన్ నాకూ వద్దంటారా?

జవాబు: లేదమ్మా, మీకు అదే కొనమంటాను. మీది ఇడ్లీ పాత్ర పని. పన్నెండు మెషిన్లు ఊరికే కూర్చుని కాస్త కాస్త పని చేస్తుంటాయి, వాటికి కావాల్సింది వేగం కంటే రామ్, ఈ జియాన్‌కి నాలుగు మెమరీ ఛానెళ్లున్నాయి (రామ్‌కి వెళ్లే దారులు), పాత సర్వర్లలోంచి వచ్చే రిజిస్టర్డ్ ఈసీసీ రామ్ (తప్పులు సరిదిద్దే సర్వర్ రకం రామ్) పడుతుంది, మామూలు రామ్ కంటే అది సాధారణంగా చవగ్గా దొరుకుతుంది.

ర్యాక్ సర్వర్ మాత్రం వద్దు. ఆ సన్న ఫ్యాన్లు ఆన్ చేయగానే విమానం లేచినట్టు అరుస్తాయి, ఫ్లాట్‌లో ఒక్క రాత్రి కూడా పడుకోలేరు. హెచ్‌పీ జెడ్440, డెల్ ప్రెసిషన్ టీ5810 లాంటి పాత టవర్ వర్క్‌స్టేషన్లు వెతకండి, ఇవే చిప్‌లు పడతాయి, బోర్డు కంపెనీది, సౌండ్ తక్కువ, 8 రామ్ స్లాట్లు, 16 జీబీవి ఎనిమిది వేస్తే 128 జీబీ. వీ4 చిప్ వేయాలంటే బయోస్ కొత్తది ఉండాలి, అది అక్కడే ఆన్ చేయించి చూసుకోండి. పవర్ సప్లై కంపెనీ సొంత సైజు, పోతే మామూలుది పట్టదు, అది ఒక్కటే తలనొప్పి.

మీకు కరెంటు లెక్క మాత్రం వేరే. 24 గంటలూ ఆన్‌లో ఉండి సగటున 80 వాట్లు లాగిందనుకున్నా రెండు నెలలకి 115 యూనిట్లు, అంటే మీ తమిళనాడు బిల్లులో వచ్చే ఫ్రీ యూనిట్లలో చాలా భాగం అదే మింగేస్తుంది. ప్రాక్టీస్ అయ్యాక ఆపేయండి, మే నెలలో ఆ వేడి కూడా మీ గదిలోకే వస్తుంది.

ప్రశ్న: ఆ చవక రిజిస్టర్డ్ రామ్ తెచ్చి నా రైజెన్ (ఏఎండీ చిప్) డెస్క్‌టాప్‌లో వేయొచ్చా?

జవాబు: మీ డెస్క్‌టాప్ కూడా డీడీఆర్4 (రామ్ తరం పేరు) అయితే స్లాట్‌లో చక్కగా కూర్చుంటుంది, సిస్టమ్ మాత్రం ఆన్ అవదు. స్టిక్కర్ మీద 2400టీ పక్కన ఆర్ అక్షరం కనిపిస్తే అది రిజిస్టర్డ్, యూ ఉంటే మీకు పనికొచ్చేది. ఫోన్‌లో ఫోటో తీసి జూమ్ చేసి చదవండి, అక్షరాలు మరీ చిన్నవి.