కరెంటు పెట్టించుకుంటే సరిపోతుందా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే మాట కనిపించింది: "ఫిజియోథెరపీకి వెళ్లాం, కరెంటు పెట్టారు, తగ్గలేదు." మెషీన్ కింద పావుగంట పడుకుని లేచి రావడమే ఫిజియోథెరపీ అని ఇంతమంది అనుకుంటున్నారంటే, మా వృత్తిలోవాళ్లం సరిగ్గా చెప్పడం లేదన్నమాటే. నాలుగు ఉత్తరాలకు జవాబులు ఇవి.

ప్రశ్న: నా వయసు 52, టీచర్ని. షుగర్ ఉంది. ఆర్నెల్లుగా కుడి భుజం నొప్పి. బోర్డు మీద పైవరసలో రాయలేను, జడ వేసుకోలేను, వీపు మీద చెయ్యి పెట్టలేను. ఆ పక్కకి తిరిగి పడుకుంటే నిద్ర ఉండదు. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. పది రోజులు కరెంటు పెట్టించుకుంటే హాయిగా అనిపించింది, మానేశాక మళ్లీ మామూలే. ఇక ఆపరేషన్ తప్పదా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఆపరేషన్ మాట ఇప్పుడే వద్దమ్మా. మీరు రాసినదాన్ని బట్టి ఇది ఫ్రోజెన్ షోల్డర్, అంటే భుజం కీలు బిగుసుకుపోవడం అనిపిస్తోంది. ఇంట్లోనే ఒకటి చూడండి. మోచేతిని పక్కటెముకలకి ఆనించి, ముంజేతిని ముందుకి చాపి, ఇంట్లో ఎవరినైనా ఆ ముంజేతిని మెల్లగా బయటి వైపుకి తిప్పమనండి. ఎడమ చెయ్యి తిరిగినంత కుడిచెయ్యి తిరగకుండా, మీరు వదులుగా వదిలేసినా సరే మధ్యలోనే ఆగిపోతుంటే కీలు పట్టేసిందన్నట్టు. మీ అంతట మీరు ఎత్తలేకపోయినా వేరేవాళ్లు ఎత్తితే చెయ్యి పూర్తిగా లేస్తుందనుకోండి, అప్పుడు కండర బంధం తెగిందేమో చూపించుకోవాలి, ఆ దారి వేరు.

భుజం కీలు చుట్టూ సంచిలాంటి పొర ఒకటుంటుంది. అది వాచి, మందమై, ముడుచుకుపోతుంది. మొదట నొప్పి ఎక్కువ, తర్వాత నొప్పి కాస్త తగ్గి బిగుసుకుపోవడం ఎక్కువ, ఆ తర్వాత మెల్లగా వదులవుతుంది. ఈ మొత్తానికి ఏడాది నుంచి మూడేళ్ల దాకా పట్టొచ్చు. నలభై, అరవై మధ్య వయసువాళ్లకి, అందులోనూ ఆడవాళ్లకి ఎక్కువ. షుగర్ ఉన్నవాళ్లకి ఇంకా ఎక్కువ, వాళ్లలో తగ్గడమూ ఆలస్యమే. అందుకే మీ భుజం సంగతి మాట్లాడేటప్పుడు షుగర్ లెక్క పక్కన పెట్టడానికి వీల్లేదు.

ఇక కరెంటు సంగతి. ఐఎఫ్‌టీ, టెన్స్ లాంటి కరెంటు మెషీన్లు నొప్పిని కాసేపు అణుస్తాయి, అంతే. ముడుచుకున్న పొరని అవి సాగదీయలేవు. నొప్పి తగ్గిన ఆ గంటలో చెయ్యి కదిలించాలి, మెషీన్ వల్ల అసలు ఉపయోగం అదే. మీకు ఆ పది రోజులూ వ్యాయామాలు నేర్పకుండా పంపించారంటే సగం వైద్యం కూడా జరగలేదు.

రోజుకి మూడు నాలుగు సార్లు, ఒక్కోసారి పది నిమిషాలు చాలు. ముందు వేడి కాపడం పెట్టుకోండి, కానీ షుగర్ వల్ల చర్మానికి స్పర్శ తగ్గి ఉంటే కాలినా తెలియదు కాబట్టి వేడి ఎంతుందో ఇంట్లోవాళ్ల చేత చూపించుకోండి. తర్వాత ఎడమ చెయ్యి బల్ల మీద ఆనించి, నడుము దగ్గర ముందుకి వంగి, కుడిచెయ్యిని బరువంతా వదిలేసి కిందికి వేలాడనిచ్చి చిన్నచిన్న సున్నాలు చుట్టండి. ఆ తర్వాత గోడకి ఎదురుగా నిలబడి వేళ్లతో గోడ మీద పైకి పాకించండి, ఎక్కడిదాకా వెళ్లిందో అక్కడ పెన్సిలుతో గీత పెట్టి తేదీ రాయండి. వారానికి వేలెడు పెరిగినా మంచిదే, ఆ గీత కనిపిస్తే ధైర్యం వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది, చాలామంది వదిలేసేది, బయటికి తిప్పే వ్యాయామం: వెల్లకిలా పడుకుని రెండు మోచేతులూ పక్కలకి ఆనించి, రెండు చేతులతో ఒక కర్ర పట్టుకుని, మంచి చేత్తో ఆ కర్రని నెడుతూ కుడి ముంజేతిని బయటికి నెట్టాలి. సాగుతున్నప్పుడు లాగినట్టు నొప్పి పుడుతుంది, పర్లేదు. కానీ రాత్రంతా సలిపితే, మర్నాటికి కూడా తగ్గకపోతే మోతాదు మించిందని అర్థం, తగ్గించండి.

నొప్పి భరించలేనిదైతే కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు, ఇది మొదటి దశలో బాగా పనికొస్తుంది. మీకు కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది కాబట్టి ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పండి. మీరు అడిగిన ఆపరేషన్ విషయానికొస్తే, బ్రిటన్‌లో 35 ఆస్పత్రుల్లో 503 మంది మీద పెద్ద అధ్యయనం జరిగింది, 2020లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. మత్తిచ్చి చెయ్యి తిప్పడం, చిన్న రంధ్రాలు పెట్టి చేసే కీహోల్ ఆపరేషన్, ఇంజెక్షన్‌తో కలిపి పద్ధతిగా ఫిజియోథెరపీ, ఈ మూడింటినీ పోల్చి చూస్తే ఏడాది తర్వాత రోగికి తెలిసేంత పెద్ద తేడా ఏమీ కనిపించలేదు. కాబట్టి ముందు ఇంజెక్షన్, వ్యాయామాలు కొన్ని నెలలు శ్రద్ధగా చేసి చూడండి.

ప్రశ్న: మా మనవడికి తొమ్మిదేళ్లు. సైకిల్ మీంచి పడి మోచేయి దగ్గర ఎముక విరిగింది. కట్టు విప్పి రెండు వారాలైంది, చెయ్యి పూర్తిగా చాపలేకపోతున్నాడు. నేను గోరువెచ్చటి నూనెతో మర్దనా చేసి రోజూ కొంచెం లాగుతున్నాను. నీళ్ల బకెట్ మోయిస్తే సాగుతుందని పక్కింటివాళ్లు చెప్పారు. మోయించమంటారా?
– ఒక నాయనమ్మ, మదనపల్లె

జవాబు: వద్దమ్మా, మర్దనా ఈరోజే ఆపేయండి, బకెట్ మాట అసలు తలపెట్టొద్దు. మీరు ప్రేమతోనే చేస్తున్నారు, కానీ మోచేయి మిగతా కీళ్లలాంటిది కాదు. దెబ్బ తగిలిన మోచేతిని పిసికి, బలవంతంగా లాగితే ముందువైపు కండరంలో ఎముక పెరిగిపోవచ్చు. అలా పెరిగిందంటే ఇప్పుడున్న కదలిక కూడా పోతుంది. పుత్తూరు కట్టు కట్టించినా, ఆస్పత్రిలో సిమెంటు కట్టు వేయించినా, విప్పిన తర్వాత మోచేతికి ఈ నియమం ఒకటే.

పిల్లవాడు తన చేతిని తనే ముడుచుకోవాలి, తనే చాపాలి, ఎవరూ పట్టుకుని లాగకూడదు. గోరువెచ్చటి నీళ్ల తొట్టెలో చెయ్యి పెట్టి ఆడుకోనివ్వండి, అన్నం ఆ చేత్తోనే తిననివ్వండి, క్యారమ్స్ ఆడనివ్వండి. ఎక్కువమంది పిల్లలకి ఇలాంటి మామూలు పనుల్లోనే కదలిక తిరిగొస్తుంది, కాకపోతే నెలలు పడుతుంది, రెండు వారాలకే కంగారు పడాల్సిన పనిలేదు. వేళ్లు తిమ్మిరెక్కినా, చల్లబడినా, మోచేయి వంకరగా కనిపించినా, ఉన్న కదలిక రోజురోజుకీ తగ్గుతున్నా వెంటనే ఎముకల డాక్టరుకి చూపించి ఎక్స్‌రే తీయించండి.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. కాకినాడలో అమ్మకి (66) మోకాలి మార్పిడి ఆపరేషన్ అయి మూడు వారాలైంది. ఫిజియో ఇంటికొస్తున్నారు, ఆయన వచ్చినప్పుడల్లా అమ్మ ఏడుస్తోంది. నాన్న చూడలేక, మోకాలి కింద దిండు పెట్టి పడుకోబెట్టి, పదిహేను రోజులు ఆపుదాం అంటున్నారు. ఆపొచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: ఆపొద్దు బాబూ. ఈ మొదటి ఆరు వారాలే కీలకం. ఇప్పుడు కదలకపోతే కీలు లోపల గాయం మానేచోట పుట్టే మచ్చలాంటి కణజాలం గట్టిపడుతుంది, తర్వాత దాన్ని వంచడానికి ఇంతకు రెట్టింపు ఏడుపు. కానీ అమ్మ నొప్పిని కూడా తేలిగ్గా తీసుకోవద్దు. ఫిజియో రావడానికి అరగంట ముందు డాక్టరు రాసిన నొప్పి మాత్ర పడిందో లేదో కనుక్కోండి, చాలా ఇళ్లలో ఆయన వెళ్లాక వేస్తుంటారు. ఒకేసారి ముప్పావుగంట చేయించే బదులు రోజులో నాలుగైదు సార్లు పది నిమిషాల చొప్పున చేయించమని అడగండి. అయ్యాక గుడ్డలో చుట్టిన ఐసు ఒక పదిహేను నిమిషాలు పెట్టాలి.

దిండు మాత్రం ఇవాళే తీయించండి. దిండు మీద కాలు హాయిగా ఉంటుంది, మోకాలు అలాగే వంగి బిగుసుకుపోతుంది, తర్వాత నడకలో కుంటు మిగిలిపోతుంది. మడత పెట్టిన టవల్ మడమ కింద పెట్టాలి, మోకాలి కింద కాదు. మీరు వీడియో కాల్‌లో చూడగలిగింది ఒకటుంది: అమ్మ మంచం మీద కాలు చాపినప్పుడు ఫోన్ పక్కనుంచి పట్టుకోమని, మోకాలి వెనక మంచానికీ కాలికీ మధ్య సందు వారం వారం తగ్గుతోందా చూడండి. వంగడం తొంభై డిగ్రీలు దాటితే కుర్చీలోంచి లేవడం, మెట్లెక్కడం సులువవుతాయి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. పిక్క ఉన్నట్టుండి వాచి నొప్పి పుట్టినా, ఆయాసం వచ్చినా, కుట్ల దగ్గర చీము కనిపించినా, జ్వరం వచ్చినా ఫిజియో కోసం ఎదురుచూడకుండా ఆస్పత్రికి తీసుకెళ్లమనండి.

ప్రశ్న: నాన్నకి నడుము నొప్పి. ఇంట్లో వాడుకునే టెన్స్ మెషీన్ ఆన్‌లైన్‌లో చూశాను, కొనొచ్చా? ఆయనకి గుండెకి పేస్‌మేకర్ ఉంది.
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: పేస్‌మేకర్ ఉందంటే గుండె డాక్టరుని అడక్కుండా కొనొద్దు, సెంటర్‌లోనూ పెట్టించొద్దు. ఏ ఫిజియో దగ్గరికెళ్లినా ముందు ఆ మాట చెప్పమనండి. నడుముకి పూర్తి విశ్రాంతి ఒకటి రెండు రోజులకి మించి అక్కర్లేదు, ఆ తర్వాత ఇంట్లోనే అటూ ఇటూ, ఆ పైన వీధి చివరిదాకా నడవడం మొదలుపెట్టాలి. మూత్రం ఆపుకోలేకపోయినా, రాకుండా బిగదీసుకుపోయినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, పాదం పైకి లేవకపోయినా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి, మర్నాటిదాకా ఆగొద్దు.