కుక్క శస్త్రచికిత్సకు అప్పు వెతికే ముందు రెండో మోకాలి లెక్క కూడా వేయండి

ప్రశ్న: మా లాబ్రడార్ కుక్క బ్రూనోకు 5 ఏళ్లు. నెల క్రితం పరుగెత్తుతూ ఉన్నట్టుండి వెనక కుడి కాలు ఎత్తేసింది. అప్పటి నుంచి ఆ కాలి వేళ్ల కొసలు మాత్రమే నేలకు ఆనించి నిలబడుతోంది, మెట్ల దాకా వచ్చి ఆగిపోతోంది. మోకాలిలో లిగమెంట్ తెగిందని, టీపీఎల్‌ఓ అనే శస్త్రచికిత్స చేయాలని డాక్టర్ చెప్పారు. అందుకయ్యే ఖర్చు మా ఇంటికి వచ్చే 3 నెలల జీతంతో సమానం. బ్యాంకు ఖాతాలో అర నెల జీతం మాత్రమే ఉంది. ఇంటి రుణం వాయిదాతో సహా నెల ఖర్చులు ఆదాయంలో 70 శాతం. ఆదాయంలో మరో 20 శాతం మ్యూచువల్ ఫండ్లకు, మిగిలిన 10 శాతం ఇంటి అప్పు త్వరగా తీర్చడానికి అదనంగా వెళుతుంది. ఫండ్లలో 10 నెలల జీతమంత ఉంది కానీ మార్కెట్ పడిపోయింది కాబట్టి దాన్ని ముట్టుకోదలచుకోలేదు. సగం ఖర్చు క్రెడిట్ కార్డు మీద వేసి కనీస మొత్తం కడుతూ, మిగతా సగం రుణ యాప్‌లో తీసుకుని, 8 నెలల తర్వాత వచ్చే బోనస్‌తో (నెలన్నర జీతం) తీర్చేద్దామనుకుంటున్నాం. రెండింటిలో ఏది చవక? ఇప్పుడు బీమా తీసుకుని కొన్నాళ్లాగి ఆపరేషన్ చేయిస్తే క్లెయిమ్ వస్తుందా?

జవాబు: రెండూ వద్దు. బీమా మార్గం కూడా కుదరదు. కారణాలు చెప్పే ముందు మీ ఉత్తరాన్ని జవాబు కోసం ఎందుకు ఎంచుకున్నానో చెబుతాను. మీది దుబారా కుటుంబం కాదు. ఆదాయంలో 30 శాతం మిగుల్చుకుంటున్నారు, పదేపదే వాయిదాలు ఎగ్గొట్టే అలవాటు లేదు, ఇంటి అప్పును గడువుకు ముందే తీర్చాలని చూస్తున్నారు. అయినా మూడు నెలల జీతమంత ఖర్చు ఎదురయ్యేసరికి రుణ యాప్ దాకా వెళ్లారు. నా దగ్గరికి వచ్చే పొదుపరుల కుటుంబాల్లో ఎక్కువగా కనిపించే పొరపాటు ఇదే. ఖాతాలో డబ్బు ఊరికే పడి ఉంటుందన్న బెంగతో ప్రతి రూపాయినీ ఎక్కడో ఒకచోట కట్టేసి, అవసరం తలుపు తట్టినప్పుడు చేతిలో ఏమీ లేకుండా నిలబడతారు.

ముందు ఒక సంగతి స్పష్టం చేసుకుందాం. కుక్కలకు వచ్చే శస్త్రచికిత్సలన్నీ ఒకే రకం అత్యవసరాలు కావు. కడుపు ఉబ్బి మెలిపడితే, గర్భాశయంలో చీము చేరితే, మింగిన వస్తువు పేగుకు అడ్డం పడితే అప్పటికప్పుడు నిర్ణయం తీసుకోవాలి. కడుపు మెలిపడిన కుక్క విషయంలో గంటలు కూడా ప్రాణాన్ని నిర్ణయిస్తాయి. తెగిన మోకాలి లిగమెంట్ అలాంటిది కాదు. డాక్టర్ రాసిన నొప్పి మందులు వాడుతూ, కుక్కను ఎగరనివ్వకుండా, మెట్లు ఎక్కనివ్వకుండా చూసుకుంటే, రెండో డాక్టర్ అభిప్రాయం తీసుకోవడానికీ, డబ్బు సరైన చోటి నుంచి తెచ్చుకోవడానికీ కొన్ని రోజులు దొరుకుతాయి. ఎన్ని రోజులన్నది మీ డాక్టర్‌నే సూటిగా అడగండి. మీకు ఇప్పటికే నెల గడిచింది కాబట్టి నెలల తరబడి లాగే వీలు మాత్రం లేదు. కీలు స్థిరంగా లేనంత కాలం లోపల మెత్తలా ఉండే మృదులాస్థి (మెనిస్కస్) దెబ్బతినే అవకాశమూ, కీలు అరిగే వేగమూ పెరుగుతాయి.

రెండోది, మీరు చెప్పిన అంకె. 3 నెలల జీతం అన్నది ఆపరేషన్ ఖర్చు మాత్రమేనా, మొత్తం చికిత్స ఖర్చా? టీపీఎల్‌ఓలో మోకాలి కింది ఎముక పైభాగాన్ని కోసి, కొంత తిప్పి, లోహపు ప్లేటుతో, స్క్రూలతో బిగిస్తారు. ఆ ఎముక అతకడానికి సాధారణంగా 8 నుంచి 12 వారాలు పడుతుంది. అంతకు ముందు రక్త పరీక్షలు, ఎక్స్-రేలు. ఆ తర్వాత మందులు, కట్లు, సుమారు 8 వారాలకు మళ్లీ ఎక్స్-రే, అవసరమైతే ఫిజియోథెరపీ ఉంటాయి. ప్లేటు దగ్గర ఇన్‌ఫెక్షన్ వస్తే ఇంకో ఖర్చు. ఆసుపత్రి అంచనా కాగితం చివరి వరస చదవండి. తర్వాత తలెత్తే సమస్యల చికిత్స ఇందులో చేరలేదని చాలాసార్లు అక్కడే చిన్న అక్షరాల్లో ఉంటుంది. కనీస ఖర్చు ఎంత, గరిష్ఠ ఖర్చు ఎంత, ఏవేవి చేరాయి, ఏవి చేరలేదు అన్నవి రాతపూర్వకంగా తీసుకోండి. అప్పటి వరకు నేను మీ అవసరాన్ని 3 కాకుండా మూడున్నర నెలల జీతంగా లెక్కిస్తున్నాను.

ఇక మీ ఉత్తరంలో అసలు లేని విషయం, నాకు అన్నింటికంటే ముఖ్యంగా కనిపించిన విషయం రెండో మోకాలు. ఒక వెనక కాలి లిగమెంట్ తెగిన కుక్కల్లో దాదాపు సగానికి కొంతకాలంలో రెండో కాలిలోనూ అదే జరుగుతుంది. పశువైద్యులు సాధారణంగా చెప్పే అంచనా 40 నుంచి 60 శాతం. కుక్కల్లో ఈ లిగమెంట్ ఎక్కువగా ఒక్క దెబ్బతో తెగదు, చాలాకాలంగా బలహీనపడుతూ వచ్చి తెగుతుంది, ఆ బలహీనత రెండు కాళ్లలోనూ ఉంటుంది. లాబ్రడార్లలో ఇది తరచుగా కనిపించే సమస్య, అధిక బరువు దాన్ని ఇంకా పెంచుతుంది. కాబట్టి మీ ముందున్న ప్రశ్న ఒక ఆపరేషన్‌కు డబ్బు ఎలా అన్నది మాత్రమే కాదు. ఏడాది, రెండేళ్లలో ఇదే ఖర్చు మళ్లీ వస్తే ఎలా అన్నది కూడా. మొదటి అప్పు తీరకముందే రెండో కాలు కుంటితే అప్పుడు ఏ యాప్ తెరుస్తారు?

ఇప్పుడు మీ అప్పుల లెక్క చూద్దాం. కార్డు మీద నెలకు 3 శాతం వడ్డీ అనుకుందాం, చక్రవడ్డీతో అది ఏడాదికి 42 శాతం దాటుతుంది. కనీస చెల్లింపు బాకీలో 5 శాతం అనుకుందాం. 100 రూపాయల బాకీ మీద ఇలా 8 నెలలు ఒక్కటీ తప్పకుండా కడితే మీ చేతి నుంచి సుమారు 38 రూపాయలు పోతాయి, బాకీ మాత్రం ఇంకా 84 దగ్గరే ఉంటుంది. కనీస మొత్తం అనేది కార్డు కంపెనీ మిమ్మల్ని ఎగవేతదారుగా రాయకుండా ఉండటానికి కట్టేదే తప్ప అప్పు తీర్చే వాయిదా కాదు. పైగా బాకీ మోస్తున్నంత కాలం చాలా కార్డుల్లో కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు కూడా ఉండదు, ఇంటి సరుకుల మీద సైతం మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. ఆసుపత్రి కార్డు తీసుకోదని ఏటీఎంలో కార్డు పెట్టి నగదు తీసే ఆలోచన ఉంటే దాన్ని ఇప్పుడే వదిలేయండి. దానికి విడిగా రుసుము, తీసిన రోజు నుంచే వడ్డీ.

రుణ యాప్ గురించి నాకు ఓపిక తక్కువ. తెర మీద కనిపించే వడ్డీ శాతం చూసి చవక అనుకోకండి. 100 అప్పు మంజూరు చేసి, రుసుముల పేరుతో 10 ముందే కోసుకుని, 90 చేతికిచ్చి, 30 రోజుల్లో 100 కట్టమంటే, వడ్డీ సున్నా అని రాసినా మీరు నెలకు 11 శాతానికి పైగా కడుతున్నట్టే. గడువుకు కట్టలేక ఇంకో యాప్‌లో తీసుకుని దీనికి కట్టడం ఆ తర్వాతి మెట్టు. ఫోన్‌లోని పరిచయాల జాబితాను, ఫొటోలను చూసేందుకు అనుమతి అడిగే యాప్ ఆ వివరాలను వసూలు రోజున వాడుకోవడానికే అడుగుతుంది. మీ ప్రణాళికలో వడ్డీ సంగతి పక్కన పెట్టినా కూడిక సరిపోవడం లేదు. అప్పు 3 నెలల జీతం, బోనస్ నెలన్నర జీతం. బోనస్ అంతా పోసినా కార్డు మీద వేసిన సగం తీరి కొంచెం మిగులుతుంది, యాప్‌లో తీసుకున్న సగం అలాగే నిలబడి ఉంటుంది. ఇంత స్పష్టమైన తేడా మీ కంట పడలేదంటే అది నొప్పితో ఉన్న కుక్కను ఎదురుగా పెట్టుకుని లెక్కలు వేయడం వల్లనే. అందులో మిమ్మల్ని తప్పుపట్టను. కానీ ఆ స్థితిలో సంతకం చేసిన అప్పులే నేను చూసినవాటిలో అతి ఖరీదైనవి.

డబ్బు మీ దగ్గరే ఉంది. ఫండ్ల నుంచి మూడున్నర నెలల జీతమంత మొత్తం అమ్మండి. మార్కెట్ పడినప్పుడు అమ్మడం బాధగానే ఉంటుంది, అర్థం చేసుకోగలను. కానీ పోల్చాల్సింది ఏమిటి? ఆ ఫండ్లు కోలుకుని మంచి రాబడి ఇస్తాయన్నది ఆశ. కార్డు 42 శాతం వడ్డీ వేస్తుందన్నది ఒప్పందం. ఏ ఫండూ ఏటా నమ్మకంగా 42 శాతం సంపాదించి పెట్టదు. ఎక్కువ ఒడుదొడుకులున్న వాటిని వదిలి, తక్కువ నష్టంలో ఉన్నవి, నిష్క్రమణ రుసుము (త్వరగా అమ్మితే పడే కోత) గడువు దాటినవి ముందు అమ్మండి, పన్ను ఎంత పడుతుందో చూసుకోండి. పదవీ విరమణ కోసం దాచినది ఉంటే దాని జోలికి వెళ్లకండి. అమ్మిన డబ్బు ఖాతాలోకి రావడానికి కొన్ని పనిదినాలు పడుతుంది కాబట్టి ఆపరేషన్ తేదీ ఖరారు కాకముందే ఆర్డర్ పెట్టండి. ఖాతాలో ఉన్న అర నెల జీతాన్ని ఖర్చు చేయకండి, అదొక్కటే ఇప్పుడు మీ ఇంటికి మిగిలిన రక్షణ.

ఫండ్లు ఎంతకీ అమ్మలేమంటే యూనిట్ల మీదో, డిపాజిట్ల మీదో బ్యాంకు ఇచ్చే అప్పు, అదీ కాకపోతే వాయిదాలు స్థిరంగా ఉన్న వ్యక్తిగత రుణం కార్డుకంటే మేలు. ఆసుపత్రి వాయిదాలకు ఒప్పుకుంటుందేమో, పశువైద్య కళాశాల ఆసుపత్రిలో తక్కువకు చేస్తారేమో కూడా అడిగి చూడండి.

బీమా విషయానికి వస్తే, ఈ మోకాలికి ఏ పాలసీ పనికిరాదు. పాలసీకి ముందే బయటపడిన జబ్బును పెంపుడు జంతువుల బీమాలు సాధారణంగా మినహాయిస్తాయి. మీ కుక్క కుంటడం మొదలై నెలైంది, అది డాక్టర్ రికార్డులో రాసి ఉంది. క్లెయిమ్ చేసిన రోజు కంపెనీ మొదట అడిగేది ఆ రికార్డునే. దాచిపెట్టి తీసుకుంటే క్లెయిమ్ తిరస్కరించడమే కాదు, పాలసీ రద్దు చేయవచ్చు, అప్పటి దాకా కట్టిన ప్రీమియం పోయినట్టే. చాలా పాలసీల్లో లిగమెంట్ సమస్యలకు మామూలు వెయిటింగ్ పీరియడ్‌కంటే, అంటే పాలసీ తీసుకున్నాక క్లెయిమ్‌కు ఆగాల్సిన కాలంకంటే, ఎక్కువ గడువు ఉంటుంది. ఒక మోకాలు ముందే దెబ్బతిని ఉంటే రెండో మోకాలిని కూడా పాత జబ్బుగానే లెక్కించే నిబంధనా ఉంటుంది. అంటే మీకు రాబోయే ప్రమాదాల్లో అతి పెద్దది బీమా బయటే ఉండిపోతుంది. పైగా ఎక్కువ పాలసీల్లో ముందు బిల్లు మీరు కట్టాలి, తర్వాత కంపెనీ అందులో కొంత భాగం తిరిగి ఇస్తుంది. ఆ మధ్య కాలానికైనా చేతిలో డబ్బు ఉండి తీరాలి. బీమా ఉంటే అత్యవసర నిధి అక్కర్లేదనుకునే వారికి నేను ఎప్పుడూ చెప్పే మాట ఇదే.

అందుకే ఇంత దూరం వచ్చి మళ్లీ ఆ నిధి దగ్గరికే వస్తున్నాను. 10 నెలల జీతమంత ఆస్తి ఉండి కూడా మీకు ఈ రోజు 15 రోజుల జీతం మించి చేతికి రాదు. ఇంటి అప్పుకు అదనంగా కట్టిన ప్రతి రూపాయీ వడ్డీ తగ్గించిన మాట నిజమే. కానీ ఒకసారి కట్టిన అదనపు మొత్తాన్ని కష్టం వచ్చిందని వెనక్కి అడిగితే బ్యాంకులు మామూలుగా ఇవ్వవు. తక్కువ వడ్డీ అప్పును తొందరగా తీర్చడానికి చేతిలో డబ్బు ఖాళీ చేసుకుని, ఆ ఖాళీని ఎన్నో రెట్ల వడ్డీ ఉన్న అప్పుతో పూడ్చాలనుకోవడం మీ కథలో జరిగింది. మదుపు, ముందస్తు చెల్లింపు అన్నీ అత్యవసర నిధి నిండిన తర్వాతే మొదలు కావాలి. మీ ఇంటికి ఆ నిధి 6 నెలల ఖర్చు. నెల ఖర్చు ఆదాయంలో 70 శాతం కాబట్టి అది 4.2 నెలల జీతం.

ఆ నిధిలో కుక్క ఖర్చును కలపకండి. దానికి ఒక శస్త్రచికిత్సకు సరిపడే మొత్తం విడి ఖాతాలో ఉండాలంటాను. ఒకే ఖాతాలో ఉంటే, ఉద్యోగం పోయిన నెలలోనే కుక్కకు జబ్బు చేసినప్పుడు ఇంట్లో వాళ్లు ఎవరి అవసరం ముందన్న చర్చకు దిగాల్సి వస్తుంది. ఆ చర్చలో మాట్లాడలేని ప్రాణి ఓడిపోతుంది. డబ్బు లేక, చేయగలిగిన వైద్యం చేయించలేక కుక్కను శాశ్వతంగా నిద్రపుచ్చడానికి ఒప్పుకున్న కుటుంబాలను నేను చూశాను. వాళ్లు ఆ తర్వాత చాలాకాలం ఆ లెక్కనే మళ్లీ మళ్లీ వేసుకుంటారు. కుక్కను ఇంటి మనిషిగా చూసుకునే వారు ఇంటి బడ్జెట్‌లో దాని పేరిట ఒక వరస రాయకపోవడం నాకు మింగుడుపడని విషయం.

మీకు ఇది సాధ్యమే. ఇంటి రుణానికి కట్టే అదనపు 10 శాతాన్ని వచ్చే నెల నుంచే ఆపండి, అసలు వాయిదా మాత్రం కడుతూ ఉండండి. ఫండ్లకు వెళ్లే 20 శాతాన్ని 10కి తగ్గించండి. అలా నెలకు 20 శాతం చొప్పున ఏడాదిలో 2.4 నెలల జీతం పోగవుతుంది. మధ్యలో వచ్చే బోనస్‌ను ఒక్క రూపాయి తగ్గకుండా ఇందులోనే వేస్తే మరో నెలన్నర. ఇప్పుడున్న అర నెలతో కలిపి 4.4 నెలల జీతం, అంటే ఏడాదిలో ఇంటి నిధి నిండుతుంది. ఆ తర్వాత అదే 20 శాతం బ్రూనో ఖాతాలోకి మళ్లించండి, మూడున్నర నెలల జీతం చేరడానికి ఏడాదిన్నర పడుతుంది. ఈలోగానే రెండో కాలు ఇబ్బంది పెడితే ఇంటి నిధి నుంచి వాడుకుని మళ్లీ నింపుకోవచ్చు, కనీసం రుణ యాప్ వైపు చూడాల్సిన పని ఉండదు. డాక్టర్ చెప్పిన బరువు దాటకుండా చూసుకోవడం కూడా ఈ పొదుపులో భాగమే అనుకోండి, రెండో మోకాలిని కాపాడటానికి మీ చేతిలో ఉన్న కొద్ది మార్గాల్లో అదొకటి.

ఈ వారం చేయాల్సినవి: రాతపూర్వక అంచనా తీసుకోవడం, రెండో డాక్టర్‌కు ఎక్స్-రేలు చూపించడం, ఫండ్ల అమ్మకం ఆర్డర్ పెట్టడం, యాప్‌లో ఇప్పటికే దరఖాస్తు చేసి ఉంటే రద్దు చేసి మీ ఫోన్ అనుమతులు వెనక్కి తీసుకోవడం. మిగతా జబ్బులు, ప్రమాదాల కోసం బీమా తీసుకోవాలా అన్నది ఆపరేషన్ గాయం మానాక తీరిగ్గా చూసుకోవచ్చు. అప్పుడు పాలసీ పత్రంలో ముందు మినహాయింపుల పేజీ చదివి, ఆ తర్వాతే ప్రీమియం చూడండి.