దిక్సూచి ముల్లును లాగొద్దు, వదిలెయ్

చిరంజీవి మేనకోడలికి, మామ ఆశీస్సులు.

నువ్వు పంపిన దిక్సూచి యాప్‌ను మన తిరుపతి ఇంటి మిద్దె మీద నిలబడి చూశానమ్మా. ముల్లు సరిగ్గా కొండవైపే చూపిస్తోంది, దిక్కులో తప్పు లేదు. కదలికలోనే ప్రాణం లేదు. జారుకుంటూ వెళ్లి టక్కున ఆగిపోతోంది.

ఇంత సేపట్లో ఫలానా కోణానికి చేరాలని నువ్వు ముందే రాసేశావు. అట్లా వద్దు. ముల్లుకు ఒక కోణం, ఒక వేగం ఇచ్చి, దానిమీద పనిచేసే బలాలు మాత్రం లెక్కగట్టు. ఎక్కడ ఆగాలో అదే చూసుకుంటుంది.

మొదటిది భూమి అయస్కాంత క్షేత్రం తిప్పే బలం. అది ఉత్తరంతో ఉన్న కోణాన్ని బట్టి కాదు, ఆ కోణం సైన్‌ను (త్రికోణమితిలోని sin) బట్టి మారుతుంది. చిన్న కోణాల్లో తేడా కనబడదు. ముల్లు దక్షిణానికి తిరిగి ఉన్నప్పుడు చూడాలి దాని అందం! అక్కడ సైన్ దాదాపు సున్నా. కాసేపు తటపటాయించి, ఒకవైపు మొగ్గి, 90 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా గట్టి తోపు అందుకుని, ఉత్తరం దాటిపోయి వెనక్కొస్తుంది. కోణం ఎంత పెరిగితే బలం అంత పెరిగే మామూలు స్ప్రింగ్ సూత్రంతో ఈ తటపటాయింపు రాదు. పైగా 359 డిగ్రీల నుంచి 1కి మారేటప్పుడు ముల్లు చుట్టంతా తిరిగొచ్చే తలనొప్పి కూడా సైన్‌తో పోతుంది.

రెండోది నిజమైన దిక్సూచిలో ముల్లు చుట్టూ డబ్బాలో ఉండే ద్రవం పెట్టే అడ్డు. ఆ అడ్డు ఊపును ఎంతగా అణచివేస్తుందో చెప్పే అంకె, అంటే డ్యాంపింగ్ నిష్పత్తి, 1 అయితే ముల్లు ఊగనే ఊగదు. 0.2, 0.3 మధ్య మొదలుపెట్టు. ఇక్కడ చాలామంది మరిచేది ఒకటుంది: డబ్బా తిరిగితే ద్రవమూ తిరుగుతుంది, ముల్లును కాస్త ఈడ్చుకుపోతుంది. అందుకే అడ్డును ముల్లు వేగంతో కాదు, ముల్లు వేగానికీ ఫోన్ తిరిగే వేగానికీ ఉన్న తేడాతో లెక్కపెట్టు. ఈ ఒక్కటి చేస్తే చేతిలో నిజమైన దిక్సూచి ఉన్నట్టే ఉంటుంది.

కాలాన్ని చిన్న చిన్న అడుగులుగా కోసి లెక్కపెట్టు; ప్రతి అడుగులో ముందు వేగం మార్చు, ఆ కొత్త వేగంతో కోణం మార్చు. రెంటినీ పాత విలువలతోనే మారిస్తే లేని శక్తి పుట్టుకొస్తుంది. అడుగు సెకనులో 120వ వంతు చాలు. యాప్ మూసి తెరిచినప్పుడు మధ్యలో గడిచిన కాలమంతా ఒకే అడుగుగా వేయకు.

మన దగ్గర క్షేత్రం అడ్డంగా లాగే భాగం సుమారు 40 మైక్రోటెస్లా (అయస్కాంత క్షేత్రం కొలిచే ప్రమాణం). లండన్‌లో దాదాపు సగమే, కాబట్టి అదే ముల్లు అక్కడ ఒక్కో ఊపుకు సుమారు 1.4 రెట్లు సమయం తీసుకుంటుంది. ఆ విలువను కోడ్‌లో పాతిపెట్టకుండా విడిగా ఉంచు.

చివరగా, ద్రవం నింపిన దిక్సూచి ఒకటి కొనుక్కో. ఇనుప చువ్వలకూ బండ్లకూ దూరంగా పెట్టి, అయస్కాంతంతో ముల్లు తిప్పి, అయస్కాంతం పక్కకు తీసేసి, స్లోమోషన్‌లో వీడియో తియ్యి. నీ యాప్‌ను దాని పక్కన నడిపి, ఊపులు కలిసేదాకా అంకెలు సవరించు. తర్వాత నాకు మళ్లీ పంపు.

మీ మామ,
తిరుపతి